వరిచేను తోటగా మారేటప్పుడు సబ్‌సాయిలర్: డెల్టా నేలలో ఎప్పుడు దించాలి, ఎలా దించాలి

సబ్‌సాయిలర్ అంటే మట్టిని తిరగేయకుండా, నేల లోపలి గట్టి పొరను పగలగొట్టే ట్రాక్టరు పరికరం. మా చేలో మొదటిసారి దాన్ని దించింది జనవరిలో. సార్వా (వానాకాలం వరి) కోసేశాం, దాళ్వా (రెండో పంట వరి) వెయ్యదలచుకోలేదు, అరటి పెడదామని ఎకరన్నర ఖాళీగా ఉంచాం. ట్రాక్టరు ఎక్కడా ఆగకుండా సాఫీగా పోతోంది. "బాగా దిగుతోందండీ, ఇబ్బందేం లేదు" అన్నాడు డ్రైవరు. అంత తేలిగ్గా దిగడమే అసలు ఇబ్బంది అని మా ఇద్దరికీ తెలియదు. జూలైలో పిలకలు నాటాం. వాన నీళ్లు ఆ చాళ్లలోకి దిగి అక్కడే నిలిచిపోయాయి. ఆగస్టు చివరికి ఆకులు పసుపు తిరిగాయి. ఒక మొక్క పక్కన గొయ్యి తీసి చూస్తే, సబ్‌సాయిలర్ కాలు, అంటే మొన ఉండే నిలువు ఇనప కమ్మీ, వెళ్లిన దారి రెండు వైపులా అద్దంలా నున్నగా ఉంది. పక్కన ఒక్క పెళ్ల కూడా పగల్లేదు. డీజిల్ పోసి నేలలో గొట్టం చేసుకున్నామన్నమాట.

తర్వాతి ఏళ్లలో నేర్చుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. ఇది గోదావరి డెల్టాలో వరి మానేసి అరటి, కొబ్బరి, కోకో, చెరకు లాంటి పంటలకు వెళ్లే పల్లపు చేల సంగతి.

ఆ గట్టి పొర మనం చేసుకున్నదే

వరికి ఏటా దమ్ము చేస్తాం. దాళ్వా కూడా ఉంటే ఏడాదికి రెండుసార్లు. ఇనప చక్రాలు బురదను తొక్కి తొక్కి, కింద ఆరేడు అంగుళాల లోతు నుంచి ఒక గట్టి పొర తయారవుతుంది. ఈమధ్య దానికి చైన్ మీద నడిచే వరికోత మిషన్లు, ధాన్యం ట్రక్కుల బరువు తోడైంది. కోతల్లో తుపాను పడ్డ ఏడు తడి చేలోనే మిషన్ దించితే ఆ ఒక్క రోజు తొక్కుడే చాలు.

వరికి ఆ పొర శత్రువు కాదు. పెట్టిన నీళ్లు కిందికి ఇంకిపోకుండా ఆపేది అదే. అందుకని మొదటి నియమం ఇది: ఆ చేలో మళ్లీ వరే వేస్తారనుకుంటే సబ్‌సాయిలర్ జోలికి పోవద్దు. పొర పగిలితే చేను నీళ్లు తాగుతూనే ఉంటుంది, దమ్ములో ట్రాక్టరు కూరుకుపోతుంది. కౌలు చేనైతే భూమి యజమానికి చెప్పి, ఒప్పించి చేయండి. రేపు ఆయన వరికి ఇచ్చుకోవాలనుకుంటే చేను పాడుచేశారన్న మాట మీకే వస్తుంది.

తోట పంటల లెక్క వేరు. అరటి వేరు ఆ పొర దాకా వచ్చి పక్కకు తిరుగుతుంది. పైన ఆరంగుళాల మట్టిలోనే బతికే చెట్టు వానల్లో ఉక్కిరిబిక్కిరై, ఎండలో వాడిపోయి, గెల వేశాక గాలికి పడిపోతుంది.

మొదటి అంచె: గొయ్యి తీసి చూడండి

ట్రాక్టరు మాట్లాడకముందే పార పట్టుకోండి. ఎకరానికి మూడు గోతులు చాలు. మిషన్లు, ట్రక్కులు లోపలికొచ్చే మొగలో ఒకటి, నడి చేలో ఒకటి, నీళ్లు చివరిదాకా నిలిచే పల్లపు మూలలో ఒకటి. లోతు రెండున్నర అడుగులు.

గొయ్యి ఒక గోడను కత్తితో నీటుగా చెక్కి, ఆ కత్తినే పైనుంచి కిందికి అంగుళం అంగుళం గుచ్చుతూ రండి. ఎక్కడ బిగుస్తుందో, మళ్లీ ఎక్కడ వదులవుతుందో టేపు పెట్టి రాసుకోండి. బిగిసిన చోట మట్టి పలకలు పలకలుగా ఊడుతుంది, పాత వరి వేళ్లు దాని పైనే ఆగిపోయి ఉంటాయి. ఈ రెండు కొలతలూ, అంటే పొర మొదలు, పొర చివర, మీకు మొత్తం పనిలోకెల్లా విలువైన అంకెలు.

ఇనపచువ్వ గుచ్చి చూసే పద్ధతి కూడా ఉంది గానీ, అది నేల పైనుంచి కింద దాకా తడిగా ఉన్న జనవరి, ఫిబ్రవరిల్లోనే పనికొస్తుంది. మే నెలలో ఎండిన బంకలో చువ్వ ఎక్కడా దిగదు. అంతా గట్టి పొరేనని మోసపోతాం.

గోతిలో మూడు రకాల సంగతులు కనబడవచ్చు.

పొర స్పష్టంగా ఉండి, దాని కింద మట్టి వదులుగా, వేరు పట్టేలా ఉంటే సబ్‌సాయిలర్‌కు అదే అసలైన చేను.

రెండోది నల్లరేగడి బంకనేల. వేసవిలో చెయ్యి దూరేంత నెర్రెలు పడుతుంది. ఆ నెర్రెలు పొరను చీల్చుకుని కిందికి పోయి ఉంటే, మీ పని ఎండే ఉచితంగా చేసిపెట్టింది. అలాంటి చేలో సబ్‌సాయిలర్ డబ్బులు మురుగు కాలువ మీద పెట్టడం మంచిదని నా అభిప్రాయం. ట్రాక్టరు వాళ్లకు ఈ మాట నచ్చదు.

మూడోది, కాలువ కట్టేసిన మే నెలలో కూడా రెండడుగులకే నీళ్లూరడం, లేదా అడుగు మట్టి నీలి బూడిద రంగులో ఉండి కుళ్లు వాసన రావడం. ఇక్కడ బాధ గట్టి పొర కాదు, మురుగు. పొరను పగలగొడితే పైనున్న నీటికీ కింద ఉన్న నీటికీ దారి కలిపినవాళ్లమవుతాం, అంతే.

గోదావరి పాయల మధ్య లంక భూముల్లో, సముద్రం దగ్గరి ఇసుక పర్రల్లో సాధారణంగా దీని అవసరమే రాదు.

రెండో అంచె: నీళ్లు పోయే దారి ముందు తవ్వండి

ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటి నుంచి మనకు నీళ్లు చేలోకి తెచ్చుకోవడం మీద ఉన్న శ్రద్ధ, బయటికి పంపడం మీద లేదు. నీళ్లు తెచ్చే బోదె (చిన్న కాలువ) కోసం గట్టు మీద కొట్టుకుంటాం, మురుగు బోదెను మాత్రం పూడ్చి రెండు వరుసలు ఎక్కువ నాటుకుంటాం.

సబ్‌సాయిలర్ చాళ్లు నేల కింద చిన్న చిన్న కాలువల్లా పని చేస్తాయి. వాటికి చివర లేకపోతే నీళ్లు అక్కడే నిలిచి వేళ్లను కుళ్లబెడతాయి. మీరు అడుగున్నర లోతు దున్నబోతుంటే చేను అంచున తీసే మురుగు బోదె అంతకన్నా లోతుగా, రెండు నుంచి రెండున్నర అడుగులు ఉండాలి. అది పెద్ద డ్రెయిన్‌లో కలిసేచోట వానాకాలంలో నీళ్లు వెనక్కి తన్నుతాయేమో కిందటేడు గుర్తు తెచ్చుకోండి. తన్నేట్టయితే లోతు దుక్కి వదిలేసి, ఎత్తు మడుల మీద నాటుకోవడమే నయం.

పక్క చేను వాళ్లు వరి వేస్తుంటే వాళ్ల నీళ్లు ఊట రూపంలో మీ వైపు వస్తాయి. ఆ గట్టు వెంబడి కూడా బోదె తియ్యాలి.

అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన లాంటి తీర మండలాల్లో ఒక పని అదనం. పై మట్టి, అడుగు మట్టి విడివిడిగా పరీక్షకు పంపండి. సబ్‌సాయిలర్ మట్టిని తిరగేయదు కాబట్టి అడుగు ఉప్పు మట్టిని పైకి తేదు, ఆ మేరకు పెద్ద నాగలి కన్నా మేలే. కానీ నేల చౌడుగా ఉండి, పీహెచ్ 8.5 దాటిందంటే ఉత్తి దుక్కితో బాగుపడదు. పరీక్ష చెప్పిన మోతాదులో జిప్సం వేసి, మంచి నీటితో కడిగి, ఆ కడిగిన నీళ్లను డ్రెయిన్‌కు పంపాలి.

మూడో అంచె: నేల కింద ఏముందో తెలుసుకోండి

బోరు పైపులు, మోటారు కేబులు, పాత సిమెంటు తూములు ఎక్కడున్నాయో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి కర్రలు పాతుకోండి. ఇది అందరూ చేసేదే.

మన డెల్టాలో అంతకన్నా పెద్ద సంగతి గ్యాస్, చమురు పైపులైన్లు. 2014 జూన్ 27న నగరం గ్రామంలో పైపులైను పేలి ఎంతమంది పోయారో మన ప్రాంతంలో ఎవరూ మర్చిపోలేదు. పైపులైను మీ చేలోంచి పోతుంటే, హెచ్చరిక బోర్డులూ రాళ్లూ కనబడుతుంటే, ఆ పట్టీలో సబ్‌సాయిలర్ దించకండి. ఆ బోర్డు మీద ఉన్న ఫోన్ నంబరుకు చేసి హద్దు అడగండి. ఎటూ ఆ పట్టీలో చెట్లు నాటడానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి, కొబ్బరికో కోకోకో దాన్ని తయారు చేయడం దండగ కూడా.

నాలుగో అంచె: అదును, పదును

మొత్తం మార్గదర్శిలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఈ ముక్క గుర్తుంచుకోండి. సబ్‌సాయిలర్ మట్టిని కోయదు, పగలగొడుతుంది. మొన కింద నుంచి మట్టిని పైకెత్తితే అది పెళ్లలుగా విడివడాలి. తడి మట్టి విడివడదు, జిగురుగా పక్కకు జరిగి మళ్లీ బిగుస్తుంది. జనవరిలో మాకు జరిగింది అదే.

పరీక్ష సులువు. మొన ఎంత లోతుకు పోతుందో ఆ లోతు నుంచే పిడికెడు మట్టి తియ్యండి. పై మట్టి కాదు, పైది ఎప్పుడో ఎండి ఉంటుంది. అరచేతుల మధ్య పెట్టి తాడులా పేనండి. కారప్పూసంత సన్నంగా, తెగకుండా సాగితే ఇంకా తడి ఉంది, ట్రాక్టరును వెనక్కి పంపండి. సాగకముందే ముక్కలు ముక్కలైతే పదును వచ్చినట్టు.

మరీ ఎండినా చిక్కే. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. రోళ్లు పగిలే నేలలో షియర్ బోల్టులూ (లోడు మితిమీరితే ముందుగా తెగేలా పరికరానికి పెట్టిన బోల్టులు) పగులుతాయి. బంక బండలు బండలుగా లేస్తుంది, వాటిని చితగ్గొట్టడానికి మళ్లీ రెండు దుక్కులు.

దాళ్వా కోత అయ్యాక, కాలువలు కట్టేశాక రెండు మూడు వారాలు ఎండనిస్తే సాధారణంగా కృత్తిక కార్తె ప్రాంతంలో, అంటే మే రెండు మూడు వారాల్లో, అదును కుదురుతుంది. మధ్యలో ఈదురు గాలి వాన పడితే మళ్లీ గొయ్యి, మళ్లీ కారప్పూస పరీక్ష.

అదును పెంచుకోవడానికి ఒక ఉపాయం ఉంది. తోట పెట్టబోయే ఏడు దాళ్వా మానేసి, సార్వా తర్వాత మినుము చల్లండి. మినుము మిగిలిన తేమను లాగేసి నేలను లోపలి దాకా ఆరబెడుతుంది, నాలుగు బస్తాల గింజా వస్తాయి. ఖాళీగా వదిలేసిన చేను పైన మాత్రమే ఎండి, లోపల తడిగానే ఉండిపోతుంది.

అయిదో అంచె: ట్రాక్టరు, పరికరం

ఒక కాలు సబ్‌సాయిలర్‌ను 40, 45 సెంటీమీటర్ల లోతున మన బంకనేలలో లాగాలంటే 50 హెచ్‌పీకి తగ్గకూడదు. ఫోర్ వీల్ డ్రైవ్ దొరికితే ఇంకా మంచిది. దమ్ము చక్రాలు తీసేసి రబ్బరు టైర్లే ఉంచాలి. ముందు బంపరుకు బరువులు తగిలించాలి, లేకపోతే లోడు పడ్డప్పుడు ముందు చక్రాలు తేలి స్టీరింగు అదుపు తప్పుతుంది. బరువు కోసం మనుషుల్ని పరికరం మీద ఎక్కించడం మన ఊళ్లలో ఇప్పటికీ చూస్తున్నాను. షియర్ బోల్టు తెగిన క్షణంలో వాళ్లు ఎక్కడ పడతారో ఆలోచిస్తే ఎవరూ ఎక్కించరు.

షియర్ బోల్టు తెగడం కోసమే ఉంది. కింద రాయో మొద్దో తగిలినప్పుడు అది తెగి మిగతా పరికరాన్ని కాపాడుతుంది. మాటిమాటికీ తెగుతోందని గట్టి బోల్టు వేస్తే తర్వాత వంగేది కాలు, లేదా ట్రాక్టరు లింకులు. కంపెనీ చెప్పిన సైజు బోల్టులే అరడజను డబ్బాలో ఉంచుకోండి.

మొన అరిగిందేమో చూడండి. అరిగి గుండ్రబడ్డ మొన మట్టిని ఎత్తదు, తొక్కుతుంది. మొనకు రెండు పక్కలా రెక్కలున్న రకం దొరికితే అదే తీసుకోండి. లాగడం కాస్త బరువే గానీ ఎక్కువ వెడల్పున పగులుతుంది.

చేలో దించాక ఫ్రేము నేలకు సమంగా ఉండాలి. టాప్ లింకు (ట్రాక్టరుకు పరికరాన్ని పైన కలిపే కడ్డీ) పొట్టి చేస్తే మొన ముందుకు వంగి ఎక్కువ దిగుతుంది, పొడుగు చేస్తే తేలుతుంది. పరికరం అటూ ఇటూ ఊగకుండా పక్క గొలుసులు బిగించాలి, కొద్దిపాటి వదులు తప్ప. పీటీవోతో (ఇంజను శక్తిని పరికరానికి అందించే తిరుగుడు షాఫ్టు) దీనికి పని లేదు, అది ఆపేసి ఉంచండి.

ఆరో అంచె: లోతు, దూరం లెక్క కట్టండి

గోతిలో రాసుకున్న అంకెలు ఇప్పుడు తియ్యండి. పొర చివర ఎక్కడ ఉందో దానికి రెండంగుళాల కిందకు మొన వెళ్తే చాలు. పొర ఆరు నుంచి పదకొండు అంగుళాల మధ్య ఉంటే మొన పదమూడు అంగుళాల దగ్గర ఉండాలి. "ఎంత లోతైతే అంత మంచిది" అనేది అపోహ. ఒక లోతు దాటాక మట్టికి పైకి లేచే వీలుండదు, పక్కలకు నొక్కుకుపోతుంది. డీజిలూ ఎక్కువ, పగులూ తక్కువ.

చాలుకూ చాలుకూ మధ్య దూరం, లోతు ఎంతో అంత నుంచి దానికి ఒకటిన్నర రెట్లు. రెక్కలుంటే ఇంకాస్త ఎడం పెట్టొచ్చు. లెక్క సులువు కోసం చేనంతా మీటరు ఎడంగా దున్నామనుకుంటే ఎకరానికి ట్రాక్టరు సుమారు 4 కిలోమీటర్లు నడవాలి, ఎడం సగమైతే నడక రెట్టింపు. గంటకు 3 కిలోమీటర్ల చొప్పున నడక ఒక్కటే గంటా ఇరవై నిమిషాలు, మలుపులు కలిపితే రెండు గంటల దగ్గరకు వస్తుంది. గంటల లెక్కన అద్దె మాట్లాడుకునేటప్పుడు ఈ అంకె చేతిలో ఉంటే మంచిది.

అయితే చేనంతా దున్నాల్సిన అవసరం చెరకు లాంటి పంటలకే. కొబ్బరి వరుసలు 8 మీటర్ల ఎడంలో వేస్తాం. ఒక్కో వరుస వెంబడి మూడు చాళ్లు తీస్తే ఎకరానికి కిలోమీటరున్నర నడకతో అయిపోతుంది. అరటి 1.8 మీటర్ల ఎడంలో నాటేట్టయితే వరుసకో చాలు, రెండుంపావు కిలోమీటర్లు. ముందు తాడు పట్టి వరుసలు గుర్తు పెట్టుకుంటే సగం ఖర్చు మిగిలినట్టే.

చాళ్లు మురుగు బోదె వైపుకే పోవాలి. మెట్ట ప్రాంతాల్లో వాలుకు అడ్డంగా దున్నమంటారు, అక్కడ నీళ్లు ఆపాలి కాబట్టి. మనకు పంపాలి.

ఏడో అంచె: దించడం

చిన్న గేరులో, గంటకు 3, 4 కిలోమీటర్లు. బండి కదిలాక పరికరం నెమ్మదిగా దించాలి, ఆగి ఉన్నప్పుడు కాదు. ఇరవై మీటర్లు పోయాక ఆపి, దిగి, మళ్లీ పార తియ్యండి. ఎంత తొందరగా ఉన్నా ఈ ఆగడం మానొద్దు.

ముందు పైనుంచి చూడండి. చాలుకు రెండు వైపులా నేల కొద్దిగా ఉబ్బి, సన్నని పగుళ్లు పక్కకు పాకి ఉండాలి. తర్వాత చాలుకు అడ్డంగా తవ్వండి. కింద మొన దగ్గర ఇరుగ్గా మొదలై పైకి వచ్చేకొద్దీ వెడల్పయ్యే గరాటులా మట్టి పగిలి ఉంటే పని సరిగ్గా జరుగుతోంది. నున్నటి గోడల సన్నని చీలిక మాత్రమే కనబడితే రెండే కారణాలు, తడి లేదా మితిమీరిన లోతు. లోతు రెండంగుళాలు తగ్గించి ఇంకో ఇరవై మీటర్లు చూడండి. అప్పటికీ అంతేనా, ఆ రోజుకు పని ఆపేయండి. వచ్చిన ట్రాక్టరుకు కొంత ఇచ్చి పంపడం మొహమాటమే, కానీ అది మొత్తం అద్దె కన్నా తక్కువే.

చక్రాలు జారుతున్నాయేమో కూడా చూసుకోవాలి. టైరు మీద సుద్దతో గీత పెట్టండి. పరికరం ఎత్తి పది చుట్లు తిరిగితే 40 మీటర్లు, దించాక అవే పది చుట్లకు 35 మీటర్లు వచ్చిందనుకోండి, ఎనిమిదో వంతు జారుతోంది, ఫరవాలేదు. 32 మీటర్లకే పరిమితమైతే టైర్లు కొత్త గట్టి పొర తయారు చేస్తున్నట్టు. లోతు తగ్గించాలి, లేదా బరువు పెంచాలి.

మలుపు దగ్గర పరికరాన్ని పూర్తిగా పైకెత్తాకే స్టీరింగు తిప్పాలి. నేలలో ఉండగా తిప్పితే కాలు వంకర పోతుంది. వెనక్కి నడపడం అసలే వద్దు. గడ్డి ఎక్కువగా ఉంటే కాలుకు చుట్టుకుని మట్టిని తోసుకుపోతుంది. ముందే మోపులు కట్టించి తీసేయండి.

ఎనిమిదో అంచె: తర్వాత పది రోజులు, మొదటి వాన

చాలా మంది పని ఇక్కడే చెడగొట్టుకుంటారు. వదులు చేసిన నేల మీద మర్నాడే పశువుల ఎరువు ట్రాక్టరు ట్రక్కులో తోలిస్తే, పగలగొట్టినదాన్ని డబ్బిచ్చి మళ్లీ తొక్కించినట్టే. ఎరువు ముందే తోలించి చేను అంచున పోయించుకోండి. చేలోకి వెళ్లక తప్పని బండ్లకు ఒకటే దారి పెట్టండి.

పెళ్లలు ఆరాక గొర్రు ఒకసారి, అవసరమైతే రోటవేటరు పైపైన ఒకసారి. రోటవేటరును రెండు మూడు సార్లు తిప్పి పిండి చేస్తే మొదటి వానకే ఆ పిండి చాళ్లలోకి దిగి పూడ్చేస్తుంది.

వెంటనే నాటకండి. చాళ్లలో గాలి సందులుంటాయి, నేల ఇంకా దిగుతుంది. మొక్క కుంగిపోతుంది, వేరుకు మట్టి అంటదు. తొలకరికి పచ్చిరొట్ట ఎరువుగా జీలుగో జనుమో చల్లి, పూత దశలో కలియదున్నుకుంటే రెండు లాభాలు. నేల సర్దుకునే వ్యవధి దొరుకుతుంది, ఆ పైరు వేళ్లు కొత్త పగుళ్లలోకి పోయి వాటిని నిలబెడతాయి. పైరు వేళ్లు పట్టని పగుళ్లు మన బంకలో రెండు వానలకే మూసుకుంటాయి. అరటి జూలైలోనే నాటాలనుకుంటే పచ్చిరొట్టకు టైము చాలదు. అప్పుడు కనీసం రెండు మంచి వానలు పడి నేల కుదుటపడే దాకా ఆగండి.

నాటేటప్పుడు పిలకను సరిగ్గా చాలు మీద కాకుండా జానెడు పక్కన పెడతాను. గోతిని పాదంతో గట్టిగా తొక్కి మట్టి సర్దుతాను. కొబ్బరికి ఎటూ మీటరు గొయ్యి తీస్తాం కాబట్టి చాళ్లు ఆ గోతుల గుండా పోయి బోదెలో కలిసేలా చూసుకుంటే చాలు. లేకపోతే బంకనేలలో ఒక్కో గొయ్యీ ఒక్కో గోలెంలా నీళ్లు పట్టుకుని కూర్చుంటుంది.

మొదటి పెద్ద వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే మురుగు బోదె దగ్గరికి వెళ్లి చూడండి. పై నీళ్లన్నీ పోయాక కూడా బోదె గట్టులోంచి, చాళ్లు కలిసే చోట సన్నగా నీళ్లు కారుతుంటే లోపల దారి పడినట్టే. కారకుండా చేలో అడుగు పెడితే కాలు దిగబడుతుంటే చాళ్ల కొసలు పూడుకుపోయి ఉంటాయి. పలుగుతో ఆ కొసల దగ్గర పొడిచి తెరవండి, ట్రాక్టరు అక్కర్లేదు.

మళ్లీ ఎప్పుడు దున్నాలన్నది క్యాలెండరు చూసి తేల్చొద్దు. అరటి తోట తీసేసే ఏడు మళ్లీ మూడు గోతులు తీసి కత్తి గుచ్చండి. నాకు రెండోసారి అవసరం నాలుగేళ్లకు వచ్చింది, అదీ గెలల బండి తిరిగిన దారిలో మాత్రమే.